షీటు కింద ఏముంది?

ముచ్చటపడి అతికించుకున్న ఫ్లోరు షీటు కొన్నేళ్లకు మూలల్లో లేస్తుంది. మధ్యలో ఉబ్బుతుంది. నడిచేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతుంది. ‘ఇంతేగా, లాగిపారేస్తే పోతుంది’ అనుకుంటారు అంతా. లాగడం మొదలుపెట్టాకే తెలుస్తుంది... అతికించడం ఒక పూట పనైతే ఊడదీయడం రోజుల తరబడి పని అని. తొందరపడితే నేల పాడవుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

పెళ్లికి ఇంకా ఇరవై రోజులుంది. ఇంటికి రంగులు వేయడం అయిపోయింది. గుమ్మాలకు పాలిష్ పెట్టేశారు. ఇక మిగిలింది హాలే. పాతికేళ్ల కిందట అతికించిన చెక్క డిజైను షీటు గుమ్మం దగ్గర చినిగి నాలుక చాపింది. నిన్నగాక మొన్న బామ్మ కాలి వేలు దానికే తగులుకుంది. కిటికీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి తుంటి ఎముకకు కట్టు పడేది. ‘ఈ ఆదివారం దీని సంగతి తేల్చేద్దాం’ అని పెద్దబ్బాయి నడుం బిగించాడు. మూల పట్టుకుని బలంగా లాగాడు. ఇంకేముంది... పైపొర చేతిలోకొచ్చింది, అడుగుపొర నేలకే ఉండిపోయింది. దానికింద జిగటగా బంక. చెప్పు పెడితే చెప్పు అతుక్కుంటోంది. చీపురు పెడితే పుల్లలు ఊడొస్తున్నాయి. సాయంత్రానికి నాలుగడుగులు కూడా శుభ్రం కాలేదు. ‘బండిలోంచి కాస్త పెట్రోలు తీసుకురానా?’ అన్నాడు తమ్ముడు.

సరిగ్గా అక్కడే ఆగాలి!

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. అప్పట్లో టైల్స్ వేయించుకునే స్తోమతు లేకో, పాత బండల నేల నామోషీ అనిపించో షీటు అతికించుకున్న ఇళ్లన్నిటిలో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఊడదీయడం కష్టమైన పనేం కాదు. కాకపోతే చెయ్యి వేసేముందు మూడు విషయాలు తెలుసుకోవాలి. షీటు ఎలాంటిది, జిగురు ఎలాంటిది, కిందనున్న నేల ఎలాంటిది... ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

జిగురు కోసం వెతికితే...

ఈ షీటు వెనక ఓ తమాషా కథ ఉంది. నేలమీద పరిచే చుట్టలు మొదట పీవీసీతో తయారైనవి కావు. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన అవిసె నూనెను గట్టిపరచి లినోలియం తయారుచేశాడు. చాలా ఏళ్లు దానిదే రాజ్యం. తరవాత 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. అప్పటిదాకా పెళుసుగా, ఎందుకూ కొరగాకుండా ఉన్న పీవీసీని కొన్ని ద్రవాల్లో వేడి చేసి చూశాడు. జిగురైతే దొరకలేదు కానీ సాగే గుణమున్న మెత్తటి ప్లాస్టిక్ చేతికొచ్చింది. 1933లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వినైల్ టైల్స్‌ను జనం ముందు పెట్టారు. జిగురు కోసం వెతుకుతుంటే దొరికిన పదార్థం చివరికి జిగురుతోనే ప్రపంచమంతటా నేలకు అంటుకుపోయింది!

మన ఊళ్లలోనూ అంతే. మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి హాలు రూపే మారిపోతుంది. చెక్క డిజైను, పాలరాయి డిజైను, గళ్ల డిజైను... ఏది కావాలంటే అది. దుమ్ము కనిపించదు, తుడుచుకోవడం తేలిక. ఇంటికే కాదు, క్లినిక్కులకూ ఆఫీసులకూ అదే దారి అయింది.

ఎందుకు లేస్తుంది?

పీవీసీ పుట్టుకతో గట్టి పదార్థం. దాన్ని మెత్తగా ఉంచడానికి నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి మెల్లగా బయటికి జారుకుంటాయి. కొంత గాల్లో కలుస్తుంది, కొంత కిందనున్న జిగురులోకి దిగుతుంది. దాంతో పైన షీటు బిగుసుకుని కుంచించుకుపోతుంది. కింద జిగురు మాత్రం పాకంలా మెత్తబడుతుంది. అంచులు లేవడానికీ, అతుకుల దగ్గర సందులు పడడానికీ కారణం ఇదే.

రెండో కారణం చెమ్మ. కింది అంతస్తు ఇళ్లలో నేలలోంచి తేమ పైకి వస్తూనే ఉంటుంది. మామూలు గచ్చయితే అది గాల్లోకి పోతుంది. షీటు మూత పెట్టినట్టు దాన్ని ఆపేస్తుంది. సిమెంటులోని క్షారం ఆ తేమతో కలిసి జిగురును విరిచేస్తుంది. అందుకే షీటు మధ్యలో బుడగలా ఉబ్బితేనో, లేచిన అంచు కింద ముక్కవాసన వస్తేనో అనుమానించాల్సింది షీటును కాదు... నేలను. దాని సంగతి చూడకుండా కొత్త షీటు వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

గట్టి పలకలైతే ముట్టుకోవద్దు

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇది. నేలమీద ఉన్నది చుట్టచుట్టగలిగే మెత్తటి షీటా, లేక వంచితే పెళుక్కుమని విరిగే గట్టి పలకలా? పలకలైతే, అందులోనూ కొన్ని దశాబ్దాల కిందటివైతే, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఇంటి పైకప్పు రేకుల్లో ఉండే రాతినారే అది. పలకలకు గట్టిదనం కోసం, నిప్పును తట్టుకోవడం కోసం దాన్ని కలిపేవారు. ఇదేదో పరాయి దేశాల గొడవ అనుకోనక్కర్లేదు. మన భారతీయ ప్రమాణాల్లోనే ‘పీవీసీ ఆస్‌బెస్టాస్ ఫ్లోర్ టైల్స్’ కోసం ఐఎస్ 3461 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉండేది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ సంగతి మరీ ముఖ్యం. 1980లకు ముందు కట్టిన ఇల్లు కొని, బేస్‌మెంటులో కార్పెట్ ఎత్తితే కింద తొమ్మిదంగుళాల చదరపు పలకలు కనిపించడం అక్కడ మామూలే. ఆ పలకల్లోనే కాదు, వాటిని అతికించిన తారులాంటి నల్లటి జిగురులోనూ, ఆ కాలంనాటి కొన్ని షీట్ల వెనకుండే బూడిదరంగు అట్టలోనూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. బ్రిటన్ దాన్ని 1999లో నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2003 చివరినుంచి నిషేధం అమల్లో ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024 మార్చిలో, అప్పటికీ అక్కడ వాడకంలో మిగిలిన తెల్ల ఆస్‌బెస్టాస్‌ను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. అయితే నిషేధం రాకముందు వేసిన పలకలు ఇళ్లలో ఇంకా అలాగే ఉన్నాయి.

పలక చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం భయం లేదు. విరగ్గొట్టినా, గీకినా, మిషన్‌తో అరగదీసినా కంటికి కనిపించని పోగులు గాల్లోకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లినవి అక్కడే ఉండిపోతాయి. ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్... ఇవేవీ మర్నాడు కనిపించేవి కావు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తరవాత బయటపడతాయి. ఇవాళ నాన్న నేల గీకుతుంటే పక్కన కూర్చుని చూస్తున్న ఐదేళ్ల పిల్లాడికి నడివయసులో వచ్చే జబ్బన్నమాట. మూతికి కట్టుకున్న రుమాలుగానీ, కరోనా రోజుల్లో వాడిన సర్జికల్ మాస్కుగానీ ఆ పోగుల్ని ఆపలేవు.

ఉందో లేదో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు, ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. అమెరికా, బ్రిటన్‌లాంటి చోట్ల ఈ పనికి శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. పరీక్ష చేయించే వీలు లేకపోతే ఉన్నట్టే లెక్కేసుకోవాలి. అప్పుడు మంచి ఉపాయం ఒకటే... ఊడదీయకుండా, పగలగొట్టకుండా దానిమీదే కొత్త నేల పరిచేయడం. పొరపాటున ఒక పలక విరిగిందా? చీపురు, వ్యాక్యూమ్ క్లీనర్ జోలికి వెళ్లకూడదు. పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాను ఆపి, ముక్కల్ని నీళ్లతో తడపాలి. తడిగుడ్డతో మెల్లగా ఎత్తి, గుడ్డతో సహా రెండు మందపాటి కవర్లలో పెట్టి మూతి బిగించాలి.

లాగడం కాదు... ఒలవడం

ఉన్నది మామూలు మెత్తటి షీటే అని తేలిందా? అయితే ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. కావాల్సినవి పెద్దగా లేవు. పదునైన కట్టరు, పెయింటర్లు లప్పం పెట్టడానికి వాడే వెడల్పాటి బ్లేడు, హెయిర్ డ్రయ్యరు, బకెట్‌తో వేడినీళ్లు, మందపాటి చేతి తొడుగులు, కాళ్లకు బూట్లు, మోకాళ్ల కింద పెట్టుకోవడానికో పాత దిండు.

ముందు గది మొత్తం ఖాళీ చేసి కిటికీలన్నీ తెరవాలి. షీటు మొత్తాన్ని ఒకేసారి లాగాలని చూడటమే అందరూ చేసే తప్పు. జానెడు వెడల్పు పట్టీలుగా కట్టరుతో గీతలు పెట్టుకోవాలి. కట్టరు షీటు మందం మేరకే దిగాలి. మందమంటే మిల్లీమీటరో, రెండో... అంతే. బలంగా నొక్కితే కిందనున్న మొజాయిక్ మీద జీవితాంతం గీత ఉండిపోతుంది.

ఎక్కడ లేచి ఉందో అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. హెయిర్ డ్రయ్యరు గాలిని ఒకటి రెండు నిమిషాలు పట్టీమీద అటూఇటూ ఆడిస్తే షీటు, జిగురు రెండూ మెత్తబడతాయి. అప్పుడు అంచును పైకి కాకుండా వెనక్కి మడిచి, నేలకు ఆనుకున్నట్టే నెమ్మదిగా లాగాలి. పైకి లాగితే చినుగుతుంది. వెనక్కి మడిచి లాగితే అరటిపండు తొక్కలా ఒలుచుకొస్తుంది. మొరాయించిన చోట బ్లేడును ఏటవాలుగా దూర్చి తోయాలి. ఆ బ్లేడు ఎప్పుడూ మనిషికి ఎదురుగా కాదు, అవతలికి వెళ్లాలి. పెయింటర్ల హాట్ గన్ దొరికితే పని వేగంగా అవుతుంది కానీ షీటు మాడి పొగ వచ్చేదాకా తీసుకెళ్లకూడదు. మాడిన పీవీసీ నుంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ కళ్లనూ గొంతునూ మండిస్తుంది.

కొన్ని షీట్లకు వెనకవైపు కాగితం లాంటి పొర ఉంటుంది. షీటు వచ్చేసినా అది నేలకే ఉండిపోతుంది. దాన్ని పొడిగా గీకితే చేతులు నొప్పులే తప్ప ఫలితం ఉండదు. పాత తువ్వాలు వేడినీళ్లలో ముంచి దానిమీద పరిచి అరగంట వదిలేస్తే, తడిసిన అట్టలా ఊడొస్తుంది. అదీ పాతకాలం షీటయితే మాత్రం ముందు ఆస్‌బెస్టాస్ సంగతి తేల్చుకోవాలి.

బంకలు మూడు రకాలు

షీటు వచ్చేశాక అసలు పరీక్ష మొదలవుతుంది. నేలంతా జిగురు! దాని రంగునుబట్టి మందు మారుతుంది.

తెల్లగానో, లేత గోధుమ రంగులోనో గట్టిపడి ఉంటే అది నీళ్లతో చేసిన జిగురు అయ్యుండొచ్చు. దీనికి వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి చాలు. గుడ్డ తడిపి వేసి, నానాక గీకి, మళ్లీ తడపాలి. రెండు మూడు విడతల్లో వదులుతుంది.

పసుపు రంగులో రబ్బరులా సాగుతుంటే అది చెప్పులు అతికించే రకం జిగురు. నీళ్లకు లొంగదు. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబరిచి గీకితే ఉండలు కట్టి వస్తుంది. చిన్న చిన్న మరకలైతే ఐసు ముక్క రుద్దాలి. చల్లదనానికి గట్టిపడి పెళ్లలుగా లేస్తుంది. ఆ రోజుకు పని ఆపేస్తున్నప్పుడు మిగిలిన జిగటమీద కాస్త రాతి ముగ్గుపిండి చల్లితే కాళ్లకు అంటుకోదు. మర్నాడు తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

తారులా నల్లగా ఉంటే మాత్రం చేయి పెట్టకుండా ఆగాలి. పాత కట్టడాల్లో ఆస్‌బెస్టాస్ అనుమానం దీనిమీదే ఎక్కువ. గీకడం, అరగదీయడం రెండూ వద్దు.

పెట్రోలు వద్దు... యాసిడ్ అసలే వద్దు

ఇప్పుడు ఆ తమ్ముడి పెట్రోలు దగ్గరికి వద్దాం. పెట్రోలుకు జిగురు కరుగుతుంది, నిజమే. కానీ పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలను పట్టుకునే పాకుతుంది. హాలులో పోసిన పెట్రోలు ఆవిరి వంటింట్లో పొయ్యి దాకా, దేవుడి గదిలో దీపం దాకా వెళ్లగలదు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఇంటి లోపల ఎంత చల్లగా ఉన్నా పెట్రోలుకు అది చలి కాదు. సున్నాకు నలభై డిగ్రీలు తక్కువలోనూ అంటుకునేంత ఆవిరి వదిలే ద్రవం అది. రంగుల్లో కలిపే థిన్నరుదీ ఇంచుమించు ఇదే తీరు. పైగా మూసిన గదిలో ఆ వాసన పీలిస్తే తలతిరుగుడు, వాంతులు. కరిగిన జిగురు పల్చనై బండ రంధ్రాల్లోకి ఇంకిపోయి మరకగా ఉండిపోవడం అదనపు నష్టం.

ఇక యాసిడ్. బాత్రూము కడిగే యాసిడ్ సీసా చాలా ఇళ్లలో సిద్ధంగా ఉంటుంది. ‘బంక పోవాలంటే యాసిడ్ పోయాల్సిందే’ అనే సలహాకూ కొదవ ఉండదు. జిగురుకు దానివల్ల ఒరిగేదేం లేదు కానీ నేలకు మాత్రం తీరని నష్టం. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ, షాబాదు బండ, కడప నల్లరాయి, బేతంచెర్ల రాయి... ఇవన్నీ సున్నపురాయి జాతివే. మొజాయిక్‌లో కనిపించే రంగురంగుల పలుకులు పాలరాతి ముక్కలు. వీటిమీద యాసిడ్ పడితే బుసబుసమని పొంగుతుంది. ‘మురికి వదిలిపోతోంది’ అనుకుంటారు కానీ, నిజానికి వదిలిపోతోంది రాయే! నునుపు పోయి గరుకుదేలుతుంది. ఒక మూలలో నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఉంచి చూసినా చాలు, మెరుపు పోయిన మచ్చ కనిపిస్తుంది. యాసిడ్ వేసినచోటే బ్లీచింగ్ పౌడరు చల్లడం మరీ ప్రమాదం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాలే తీయగలదు.

చెత్త ఎక్కడికి?

షీటు ముక్కల్ని వీధి చివర కుప్ప పోసి అగ్గిపుల్ల గీసేయడం చాలాచోట్ల అలవాటు. పీవీసీని ఆరుబయట కాలిస్తే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. ఇలా బహిరంగంగా చెత్త తగలబెట్టేవారికి 5 వేల రూపాయలు, పెద్దఎత్తున తగలబెడితే 25 వేల రూపాయలు జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. ముక్కల్ని చుట్టలుగా చుట్టి తాడు కట్టి, పొడిచెత్తగా పురపాలక సిబ్బందికి అప్పగించడమే పద్ధతి.

తీశాక ఏం చేయాలి?

నేల బయటపడగానే కొత్తది వేయడానికి తొందరపడకూడదు. ముందు చెమ్మ సంగతి చూడాలి. దీనికో తేలిక పరీక్ష ఉంది. అడుగున్నర చదరం పాలిథీన్ కాగితాన్ని నేలమీద పరిచి నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అతికించాలి. పదహారు గంటలు... అంటే సాయంత్రం వేస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఎత్తి చూడాలి. కాగితం అడుగున నీటి చుక్కలు పట్టినా, నేల రంగు ముదిరినా కింద తేమ ఉన్నట్టే. దాని మూలమేదో కనిపెట్టి సరిచేసుకున్నాకే మిగతా పని. కొత్తగా టైల్స్ వేయాలనుకుంటే జిగురు అవశేషాలు పూర్తిగా పోవాలి. బంకమీద సిమెంటు పట్టదు.

అసలు కొత్తది అవసరమా అని ఓసారి ఆలోచించడమూ మంచిదే. చాలా ఇళ్లలో షీటు కింద ఉన్నది చక్కటి మొజాయిక్కో, తాండూరు బండలో. ఒకసారి నీళ్లు పోస్తూ మిషన్ పాలిష్ పట్టిస్తే మిగిలిన బంక మరకలూ పోతాయి, పాత మెరుపూ వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకోగలిగే చల్లదనం ప్లాస్టిక్‌కు ఎక్కడిది!

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు మరో మాట. ఇప్పుడు వెనక కాగితం ఒలిచి అతికించే స్టిక్కరు షీట్లు వస్తున్నాయి. వేయడం సులువే, ఖాళీ చేసే రోజే తలనొప్పి. బీరువా వెనక ఓ చిన్న ముక్క అతికించి, వారం తరవాత ఊడదీసి చూశాకే మిగతాది వేసుకోవాలి. అడ్వాన్సులో కోత పడకుండా ఉండాలంటే జిగురు లేకుండా ఊరికే పరిచి, అంచుల్లో టేపు వేసుకోవడం ఇంకా మేలు.

ఇక ఆ పెళ్లింట్లో... పెట్రోలు సీసా వాకిట్లోనే ఆగిపోయింది. అన్నదమ్ములిద్దరూ వేడినీళ్లు, పాత తువ్వాళ్లు, హెయిర్ డ్రయ్యరు పెట్టుకుని కూర్చున్నారు. రోజుకో మూల. వారం తిరిగేసరికి షీటు కింద పచ్చా తెలుపూ పలుకుల మొజాయిక్ బయటపడింది. ‘ఇది మీ తాతగారు దగ్గరుండి వేయించిందిరా’ అంది బామ్మ చెప్పులు విప్పి అడుగు పెడుతూ. ఈసారి ఆమె కిటికీ పట్టుకోలేదు.